పక్క పనికీ లెక్క ఉండాలి

మిల్లు జీతం ఒక్కదానితో ఇల్లు గడిచే రోజులు ఎప్పుడో పోయాయి. ఈ మాట మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మొదటి షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు సాయంత్రం ఆటో తోలుతున్నాడు. పగలంతా రింగ్ ఫ్రేముల దగ్గర నిలబడి వచ్చిన సోదరి రాత్రి పదింటిదాకా జాకెట్లు కుడుతోంది, చీరలకు ఫాల్స్ వేస్తోంది. ఫిట్టరు వారపు సెలవు నాడు చిన్న కార్ఖానాలకు పోయి మోటార్లు బాగుచేస్తున్నాడు. ఒకరు బీమా ఏజెన్సీ పెట్టుకున్నారు, ఇంకొకరు పండగల ముందు చీరల మూట తెచ్చి వాడలో అమ్ముతున్నారు. చంద్రపూర్, బల్లార్షా వాడల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఇలా రెండో పని లేని ఇల్లు వెతికితే గాని దొరకదు.

మన భాషలో ‘పై సంపాదన’ అంటే లంచమనే అర్థం స్థిరపడిపోయింది. అందువల్లనో ఏమో, చెమటోడ్చి సంపాదించిన రెండో రాబడి గురించి కూడా మనవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుతారు. మిల్లులో తెలిస్తే ఏమంటారో, పన్నువాళ్ళకు తెలిస్తే ఏం చేస్తారో అని భయం. ఇందులో సిగ్గుపడవలసినది గాని, దాచవలసినది గాని ఏమీ లేదు. అయితే లెక్క మాత్రం ఉండాలి. ఆ లెక్క లేకపోవడం వల్ల మన కార్మికులు కట్టనవసరం లేని డబ్బు కడుతున్నారు, తమకు రావలసిన డబ్బు వదులుకుంటున్నారు. కొందరు దళారుల చేతిలో పడి కొత్త చిక్కులు కొనితెచ్చుకుంటున్నారు. ఈ సంచికలో ఆ విషయం వివరంగా మాట్లాడుకోవడం అవసరమని భావిస్తున్నాం.

ఈ రెండో పని ఎందుకు వచ్చింది?

బట్టల మిల్లు కార్మికుడికి పక్క పని సరదాగా వచ్చింది కాదు. 1982 జనవరి 18న ముంబయిలో డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ తర్వాత మిల్లులు ఒకటొకటిగా మూతపడుతుంటే వేలాది కుటుంబాలు కుట్టుమిషన్లు, కూరగాయల బండ్లు, సైకిల్ రిక్షాల మీద బతికాయి. మన విదర్భలోనే, నాగపూర్‌లో 1877లో జంషెడ్జీ టాటా ప్రారంభించిన ఎంప్రెస్ మిల్లు 2002లో శాశ్వతంగా మూతపడింది. నూట ఇరవై ఐదేళ్ళు నడిచిన మిల్లే ఆగిపోయాక, ఏ కార్మికుడు గాని ‘నా నౌకరీ పదిలం’ అని ఎలా అనుకోగలడు? చేతిలో ఇంకొక పని ఉన్నవాడు అప్పుడు నిలబడ్డాడు, లేనివాడు ఊరికి తిరిగిపోయాడు. ఈ పాఠం మన పెద్దలు నేర్చుకొని మనకు నేర్పారు.

కాబట్టి రెండో పని చేయవద్దని ఈ యూనియన్ ఎన్నడూ అనదు. ఎనిమిది గంటల పనికి ఇల్లు గడిచే జీతం ఇవ్వాలన్నది మన అసలు కోరిక. అది నెరవేరేదాకా కార్మికుడు తన రెండో రాబడిని కాపాడుకోవలసిందే. కాపాడుకోవడంలో మొదటి మెట్టు పన్ను చట్టం తెలుసుకోవడం.

పన్ను ఎంత? అసలు ఉందా?

ముందుగా ఒక మాట. 2026 మార్చి 31తో ముగిసే 2025-26 ఆర్థిక సంవత్సరపు సంపాదనకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే సంపాదనకు 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. ఈ వ్యాసంలో ఇచ్చే రేట్లు 2025-26వి, సెక్షన్ల నంబర్లు పాత చట్టానివి.

చట్టం దృష్టిలో మనిషికి ఎన్ని పనులున్నా ఆదాయం ఒక్కటే. మిల్లు జీతం ఒక గదిలో, కుట్టుపని రాబడి ఒక గదిలో లెక్కించి, చివరకు రెండూ కలిపి దాని మీద పన్ను వేస్తారు. ‘మిల్లులో పన్ను కోశారు గదా, ఇక దీనితో పనేముంది’ అనుకోవడం పొరపాటు. ‘రెండు ఆదాయాలున్నాయి గనుక రెండుసార్లు పన్ను’ అనుకోవడమూ అంతే పొరపాటు.

కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య మొత్తానికి 5 శాతం, 8 నుంచి 12 లక్షల మధ్య 10 శాతం. ఆ పైన ఇంకా పెరుగుతూ పోయి 24 లక్షలు దాటిన దానికి 30 శాతం అవుతుంది. అయితే మొత్తం ఆదాయం 12 లక్షలు మించకపోతే 87-ఏ సెక్షన్ కింద 60,000 రూపాయల దాకా రాయితీ ఉంది. 12 లక్షల మీద లెక్క కడితే పన్ను సరిగ్గా 60,000 అవుతుంది గనుక, అంతవరకు చేతినుంచి కట్టవలసింది సున్నా. ఇది కాక జీతగాళ్ళకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. ఇది జీతంలోంచి మాత్రమే తీసివేస్తారు, పక్క పని రాబడికి వర్తించదు.

ఒక లెక్క చూద్దాం. ఒక కార్మికుడి మిల్లు జీతం ఏడాదికి 4,20,000. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 3,45,000. అతడు ఒక పెద్ద వ్యాపారికి జాబ్ వర్క్ చేసి ఏడాదిలో 2,40,000 బ్యాంకు ద్వారా అందుకున్నాడు. దారం, కరెంటు, రవాణా ఖర్చు 60,000 పోగా మిగిలింది 1,80,000. మొత్తం ఆదాయం 5,25,000. 4 లక్షల పైన ఉన్న 1,25,000కు 5 శాతం చొప్పున 6,250 పన్ను. రాయితీతో అది కాస్తా సున్నా అయింది.

మన కార్మికుల్లో నూటికి తొంభై మంది కథ ఇలాగే ఉంటుందని చెప్పవచ్చు. మరి భయమెందుకు? భయపడవలసింది పన్నుకు కాదు, కోతకు.

కోసిన డబ్బు ఎవరిది?

జాబ్ వర్క్ ఇచ్చే వ్యాపారి చట్టప్రకారం మన డబ్బులోంచి కొంత కోసి ప్రభుత్వానికి కట్టాలి. దీన్నే టీడీఎస్ అంటున్నాం. కాంట్రాక్టు పనికి, ఒకేసారి 30,000 మించి గాని ఏడాదిలో మొత్తం లక్ష మించి గాని చెల్లిస్తే, వ్యక్తులకు 1 శాతం కోస్తారు. పై లెక్కలో కార్మికుడికి 2,400 కోశారనుకోండి. అతడి పన్ను సున్నా గనుక ఆ 2,400 అతడికే తిరిగి రావాలి. కాని రిటర్ను వేస్తేనే వస్తుంది. వేయకపోతే ప్రభుత్వం ఇంటికి వచ్చి ఇచ్చిపోదు.

ఇంకొక సంగతి ఉంది. పాన్ నంబరు ఇవ్వకపోతే కోత 1 శాతం కాదు, 20 శాతం. 2,40,000 మీద 48,000! పైగా పాన్ లేకుండా కోసిన డబ్బు మన ఖాతాలో కనబడదు, తిరిగి రాబట్టడం గగనం. నెల జీతం కన్నా ఎక్కువ సొమ్ము ఒక్క నంబరు ఇవ్వనందుకు పోతోంది.

సిరిసిల్ల మరమగ్గాల సంగతి తెలిసిన మన కరీంనగర్ వైపు మిత్రులకు ఇది సులువుగా అర్థమవుతుంది. అక్కడ నాలుగు మగ్గాలున్న ఆసామి యజమాని దగ్గర నూలు తీసుకొని, గుడ్డ నేసి ఇచ్చి, మీటరుకు ఇంత అని కూలి తీసుకుంటాడు. ఆసామి తనను కార్మికుడిగానే అనుకుంటాడు, పన్ను చట్టం మాత్రం అతడిని వ్యాపారిగా చూస్తుంది. జాబ్ వర్క్ చేసే మన పరిస్థితీ అదే. మనల్ని మనం ఏమని పిలుచుకున్నా, మన పేరిట ఒక లెక్క నడుస్తూనే ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో మన పాన్‌తో లాగిన్ అయి ‘ఫారం 26-ఏఎస్’, ‘ఏఐఎస్’ అనే పట్టికలు చూస్తే ఎవరెవరు మనకు ఎంత చెల్లించారో, ఎంత కోశారో, బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చిందో అన్నీ కనబడతాయి. వాళ్ళ దగ్గర ఉన్న లెక్క మన దగ్గర లేకపోతే ఎలా?

పేరులో ఒక్క అక్షరం

పరాయి రాష్ట్రంలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. మరాఠీ పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. బడి సర్టిఫికెట్టు ఆదిలాబాదుది, ఆధార్ చంద్రపూర్‌ది, పాన్ ఏజెంటు చేయించినది. మూడింటిలో మూడు విధాలుగా పేరు. పుట్టిన తేదీ సంగతి సరేసరి.

ఆధార్‌తో జతపరచని పాన్‌లను 2023 జూలై 1 నుంచి పనిచేయనివిగా ప్రకటించారు. అలాంటి పాన్ మీద కోత హెచ్చు రేటున పడుతుంది, రిఫండు రాదు. పేర్లు కలవకపోతే జతపరచడం కుదరదు. కాబట్టి ముందుగా రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకొని అక్షరం అక్షరం సరిచూసుకోండి. తప్పు ఏ కార్డులో ఉంటే ఆ కార్డు సరిచేయించుకోండి. మిల్లు టైమ్ ఆఫీసు రికార్డులో, పీఎఫ్ ఖాతాలో కూడా అదే పేరు ఉందో లేదో చూసుకోండి. పీఎఫ్ తీసుకునే నాడు ఇదే అక్షరం అడ్డం వస్తుంది.

ఏ ఫారం? ఏ గడువు?

మిల్లు దగ్గర కూర్చునే రాతగాడు అందరికీ ఐటీఆర్-1 వేసి పంపుతుంటాడు. జీతం, వడ్డీ వంటివి మాత్రమే ఉన్నవారికి అది సరిపోతుంది. కుట్టుపని, జాబ్ వర్క్, రిపేరు పని రాబడి ఉన్నవారికి అది సరైన ఫారం కాదు. చిన్న వ్యాపారులకు 44-ఏడీ సెక్షన్ కింద ఒక సులువైన దారి ఉంది. ఖాతా పుస్తకాలు రాయనక్కరలేకుండా, వచ్చిన మొత్తంలో నగదుకు 8 శాతం, బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చినదానికి 6 శాతం కనీస లాభంగా చూపవచ్చు. దీనికి ఐటీఆర్-4, అంటే ‘సుగమ్’ ఫారం. అయితే 6 శాతమన్నది కనీసం. నిజంగా మిగిలింది ఎక్కువైతే ఎక్కువే చూపడం మేలు. చేతిపనికి ఖర్చు తక్కువ, మిగులు ఎక్కువ. ఖాతాలో లక్షన్నర దాచుకొని, కాగితం మీద పదివేలు చూపితే రేపు జవాబు చెప్పుకోవలసింది మనమే. 12 లక్షల దాకా పన్ను లేనప్పుడు తక్కువ చూపి బాగుపడేది కూడా ఏమీ లేదు.

బీమా ఏజెంట్లు ఒక సంగతి గమనించాలి. కమిషన్ ఆదాయానికి 44-ఏడీ వర్తించదు. అలాంటివారు తెలిసిన అకౌంటెంటును అడిగి ఐటీఆర్-3 వేయించుకోవడం మంచిది.

రిటర్ను ఎవరు వేయాలి? కొత్త పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ పోగా మొత్తం ఆదాయం 4 లక్షలు దాటినవారందరూ వేయాలి, పన్ను సున్నా అయినా సరే. దాటకపోయినా కోత పడినవారు రిఫండు కోసం వేయాలి. గడువు జూలై 31 అని గుర్తుపెట్టుకుంటే నష్టం లేదు. కొన్ని ఏళ్ళలో పొడిగిస్తారు. 2025లో సెప్టెంబర్ 16 దాకా పొడిగించారు. పొడిగింపును నమ్ముకొని కూర్చోవడం మాత్రం తెలివైన పని కాదు. గడువు దాటితే, వేయవలసిన బాధ్యత ఉన్నవారికి 5 లక్షల లోపు ఆదాయమైతే 1,000, ఆ పైనైతే 5,000 ఆలస్యపు రుసుము. అది కూడా డిసెంబర్ 31 దాకానే. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రిఫండు అడగడానికి వీల్లేదు.

కోతలన్నీ పోగా ఇంకా 10,000 గాని అంతకు మించి గాని పన్ను పడేవారు ముందస్తు పన్ను కట్టాలి. జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 దాని వాయిదాలు. 44-ఏడీ దారిలో పోయేవారు మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. కట్టకపోతే నెలకు 1 శాతం వడ్డీ. పక్క ఆదాయం వివరం మిల్లుకు రాసి ఇస్తే, జీతంలోనే ఆ పన్ను కూడా కోస్తారు, ఈ వాయిదాల బెడద తప్పుతుంది. అలా ఇవ్వాలా వద్దా అన్నది కార్మికుడి ఇష్టం. ఇవ్వమని బలవంతం చేసే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు.

మనవాళ్ళు జారిపడే చోట్లు

ఒకటి, పాత పద్ధతి. ఎల్‌ఐసీ, పీఎఫ్ మినహాయింపులకు అలవాటుపడి కొందరు ఇంకా పాత పద్ధతిలోనే ఉండిపోయారు. 5,40,000 జీతమున్న కార్మికుడికి పాత పద్ధతిలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను 4,90,000. 5 లక్షల లోపు గనుక పన్ను లేదు. అతడికి పక్క పనిలో 60,000 మిగిలితే మొత్తం 5,50,000. పీఎఫ్ కింద 40,000 తీసివేసినా 5,10,000. గీత దాటడంతో రాయితీ మొత్తం పోయి సెస్సుతో కలిపి 15,080 పన్ను పడుతుంది. అదే కొత్త పద్ధతిలో 5,25,000, పన్ను సున్నా. ఇంకొకటి కూడా ఉంది. జీతం మాత్రమే ఉన్నవాడు ఏటా ఈ పద్ధతి నుంచి ఆ పద్ధతికి మారవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవాడు పాత పద్ధతి కోరాలంటే గడువు లోపు 10-ఐఈఏ అనే ఫారం వేయాలి. ఆ తర్వాత కొత్త పద్ధతికి తిరిగి వస్తే మళ్ళీ పాతదానికి పోయే అవకాశం ఉండదు. కుట్టుమిషను రాబడి కూడా వ్యాపార ఆదాయమేనని మరువకండి.

రెండు, ఒకే ఏడాదిలో రెండు మిల్లులు. బదలీ కార్మికులకు, మధ్యలో మిల్లు మారినవారికి రెండు చోట్లా ఫారం 16 ఇస్తారు. రెండింటిలోనూ 75,000 తీసివేసి ఉంటుంది. మనిషి ఒక్కడే గనుక ఆ మినహాయింపు ఒక్కసారే. రెండు జీతాలూ కలిపి లెక్క కట్టాలి.

మూడు, ఇంటావిడ సంపాదన. ఆమె కుట్టుపని చేసి సంపాదించింది ఆమె ఆదాయం. భర్త ఆదాయంలో కలపనక్కరలేదు. ఆమెకు వేరే పాన్, వేరే లెక్క, వేరే 4 లక్షల పరిమితి ఉన్నాయి. కాని డబ్బంతా భర్త ఫోనుకే యూపీఐ ద్వారా వస్తుంటే చూసేవాడికి అది భర్త ఆదాయంలాగే కనబడుతుంది. ఆమె పేరిట ఖాతా తెరవండి, డబ్బు అందులోకే రానివ్వండి. ఇది పన్ను సంగతి మాత్రమే కాదు. తన కష్టం తన పేరిట ఉండడం ఆమె హక్కు.

నాలుగు, పాన్ అరువివ్వడం. ‘నీ పాన్, నీ ఖాతా కొంచెం ఇవ్వు, బిల్లు పెట్టుకొని నీకు ఐదువందలు ఇస్తా’ అని అడిగే కాంట్రాక్టర్లు ఉన్నారు. ఆ బిల్లులన్నీ మన ఆదాయంగా ఏఐఎస్‌లో పడతాయి. ఐదువందలకు ఆశపడినవాడు లక్షలకు జవాబు చెప్పుకోవాలి. మనకు సంబంధం లేని మొత్తం ఏఐఎస్‌లో కనబడితే, అది తప్పని అక్కడే అభిప్రాయం నమోదు చేసే వీలుంది. వెంటనే ఆ పని చేయండి.

ఐదు, దళారులు. ‘నీకు ముప్పైవేలు రిఫండు ఇప్పిస్తా, పది నాకివ్వు’ అనే మనిషి ఏం చేస్తాడు? లేని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం రాసి పంపుతాడు. 2025 జూలైలో ఇటువంటి దొంగ మినహాయింపుల మీద ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా 150 చోట్ల తనిఖీలు జరిపింది. తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే ఎగవేసిన పన్నుకు రెండింతలు జరిమానా వేయవచ్చు. దళారి పేరు రిటర్నులో ఎక్కడా ఉండదు. సంతకం మనది.

ఆరు, వృత్తి పన్ను. మహారాష్ట్రలో నెలకు 10,000 దాటిన పురుష కార్మికుడి జీతం నుంచి నెలకు 200, ఫిబ్రవరిలో 300, మొత్తం 2,500 కోస్తున్నారు. మహిళలకు 2023 ఏప్రిల్ నుంచి నెలకు 25,000 జీతం దాకా ఇది లేదు. ఒక మనిషి నుంచి రాష్ట్రం ఏడాదికి 2,500 మించి వృత్తి పన్ను తీసుకోరాదని రాజ్యాంగం 276వ అధికరణం చెబుతోంది. పక్క పని పేరు చెప్పి ఇంకొక 2,500 కట్టమని ఎవరైనా అంటే జీతపు చీటీలు చూపి నిలదీయండి. జీఎస్‌టీ విషయానికి వస్తే, సేవల రాబడి ఏడాదికి 20 లక్షల లోపున్న చిన్న పనివాడికి మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కరలేదు.

జీతానికి ఫీజు ముసుగు

ఇక అసలు యూనియన్ పట్టించుకోవలసిన విషయం. పక్క పని వేరు, ఉన్న పనినే పక్క పనిగా మార్చడం వేరు. ‘నిన్ను మస్టరు మీద పెట్టను, నెలకు ఇంత ఫీజుగా ఇస్తాను, పన్ను కోసి ఇస్తాను, రిఫండు తెచ్చుకో’ అని చెప్పే యజమానులు పెరుగుతున్నారు. రోజూ అదే మిల్లుకు వచ్చి, అదే సూపర్‌వైజరు చెప్పినట్టు, అదే యంత్రం మీద పనిచేసే మెకానిక్కును కాగితం మీద స్వతంత్ర వృత్తిదారుగా చూపుతున్నారు.

15,000 జీతం మీద లెక్క వేద్దాం. యజమాని కట్టవలసిన పీఎఫ్ 12 శాతం చొప్పున ఏడాదికి 21,600. ఈఎస్‌ఐ వాటా 3.25 శాతం చొప్పున 5,850. గ్రాట్యుటీ కింద ఏడాదికి పదిహేను రోజుల జీతం 8,654. మూడూ కలిపి 36,104 రూపాయలు. బోనసు, సెలవు జీతం, ఓవర్‌టైముకు రెండింతల కూలి ఇందులో లెక్కించలేదు. ఫీజు మీద 10 శాతం కోసినా ఆ పన్ను రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. పోయిన పీఎఫ్, పోయిన ఈఎస్‌ఐ వైద్యం, పోయిన సర్వీసు తిరిగి రావు. కాబట్టి టీడీఎస్ చీటీ మీద జీతం అని రాసిందా, కాంట్రాక్టు అని రాసిందా, వృత్తి ఫీజు అని రాసిందా చూసుకోండి. నిజానికి మీరు మిల్లు కార్మికులై ఉండి, చీటీ ఇంకొకటి చెబుతుంటే యూనియన్ కార్యాలయానికి రండి. కేంద్ర ప్రభుత్వం 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. కోడ్‌లు మారినా, హాజరు కార్డు, గేటు పాసు, సూపర్‌వైజరు ఆదేశాలు మన కార్మికత్వానికి సాక్ష్యాలే. వాటిని భద్రపరచుకోండి.

యాజమాన్యం జీతంలో పన్ను కోసి ప్రభుత్వానికి కట్టకపోతే ఏం గతి అని కొందరు అడుగుతున్నారు. కోసినంత మేరకు కార్మికుణ్ణి మళ్ళీ కట్టమని అడగరాదని 1961 చట్టం 205వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. అయితే కోశారని రుజువు మన దగ్గర ఉండాలి. ఆ రుజువు జీతపు చీటీ. దాన్ని టీ కొట్టు దగ్గర పారవేసి రావద్దు.

మరొక హెచ్చరిక కూడా అవసరం. ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన రోజునే ఇంకొక ఫ్యాక్టరీలో పనిచేయడాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ నిషేధించింది. దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ ఇటువంటి నిబంధన ఉంది. రాత్రి షిఫ్టు దిగి పగలు ఇంకొక మిల్లులో యంత్రం ముందు నిలబడితే ప్రమాదం జరిగిన నాడు ఎవరూ మన పక్షాన నిలబడరు. నిద్రలేని చేతులు బెల్టులో పడడం మనం చూడని సంగతి కాదు. స్టాండింగ్ ఆర్డర్లలో బయటి పని గురించి ఏముందో కూడా చదివి తెలుసుకోండి. ఇంట్లో కుట్టుకోవడం, చీరలు అమ్ముకోవడం వేరు. మిల్లుకు పోటీగా ఉన్న చోట పనిచేయడం వేరు.

మనం చేయవలసినవి

పెద్ద పనులేమీ లేవు. నలభై పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. ఎడమవైపు వచ్చింది, కుడివైపు ఖర్చయింది, తేదీ వేసి రాయండి. చదువుకుంటున్న పిల్లలుంటే వాళ్ళచేత రాయించండి. పక్క పని డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. పని ఇచ్చే ప్రతి వ్యాపారికీ పాన్ నంబరు రాసి ఇచ్చి, కోత కోస్తే ఫారం 16-ఏ అడగండి. వెబ్‌సైటు పాస్‌వర్డు దళారి దగ్గర వదిలేయవద్దు, మీ ఫోనులోనే ఉంచుకోండి. రిటర్ను వేశాక ముప్పై రోజుల లోపు ఆధార్ ఓటీపీతో ధృవీకరణ పూర్తి చేయండి. లేకపోతే వేసినా వేయనట్టే.

యాజమాన్యాన్ని మనం అడగవలసినవీ ఉన్నాయి. జీతంలో పన్ను కోసిన ప్రతి కార్మికుడికీ గడువైన జూన్ 15 లోపు ఫారం 16 చేతికివ్వాలి. కాంట్రాక్టరు కింద ఉన్నవారికి కూడా జీతపు చీటీ ఇవ్వాలి. పేర్ల సవరణ కోసం వచ్చినవారిని టైమ్ ఆఫీసు నెలల తరబడి తిప్పరాదు. ఏప్రిల్‌లో పాత పద్ధతా కొత్త పద్ధతా అని అడిగే కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఇచ్చి సంతకం పెట్టించుకోవడం మానాలి. మరాఠీలో, హిందీలో, తెలుగులో వివరించి చెప్పాలి. ఇవి కోరడానికి సమ్మె అక్కరలేదు, గేటు మీటింగులో గట్టిగా అడిగితే చాలు. అడగడానికి మాత్రం అందరూ రావాలి.

మనలో చదువుకున్న యువకులు ఈ పని నేర్చుకొని, జూన్, జూలై నెలల్లో ఆదివారాలు తోటివారికి రిటర్నులు వేసిపెడితే, దళారులు తినే వందలు మన ఇళ్ళల్లోనే మిగులుతాయి. ఒక్కో వాడకు ఇద్దరు ముందుకు వచ్చినా సరిపోతుంది.

మన చేతులు నేసిన గజం గజానికి మిల్లు లెక్క రాసుకుంటుంది. మనం పడ్డ కష్టానికి మనం కూడా లెక్క రాసుకుందాం. ప్రభుత్వానికి న్యాయంగా ఇవ్వవలసింది ఉంటే ఇద్దాం. న్యాయంగా మనకు రావలసింది ఒక్క రూపాయి కూడా వదలకుండా రాబట్టుకుందాం.